అరటిపండు మీటితే.. కంప్యూటర్ పలుకుతుంది
* పండ్లు, పిండి ముద్దలు, స్టీలు గ్లాసులే మీటలు
* విద్యార్థులకు విజ్ఞానం.. వికలాంగ చిన్నారులకు ఊతం

బల్లపై వరుసగా అయిదు అరటిపండ్లు. వాటికి గుచ్చిన తీగలు అరచేతిలో ఇమిడే ఓ చిన్న పలకకు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు చేరుతున్నాయి. విద్యార్థి ఒక్కో పండును తాకుతుంటే స, రి, గ, మ, ప స్వరాలు వరుసగా వినిపిస్తాయి. చూసేవారికి ఇది ఇంద్రజాలమే. నిజానికి పాఠశాలలో చదువుకునే విద్యుత్ వాహకాలు, బంధకాల పాఠానికి ఇది సజీవ రూపం. విద్యుత్తు ప్రవహించగల ఏ వస్తువునైనా కీబోర్డు మీటగా మార్చుకోవచ్చన్నదే ఇందులోని సూత్రం.

మీట నొక్కితే జరిగేదేమిటి?

సాధారణ కీబోర్డులో ఒక్కో మీట కింద రెండు వాహక పొరలు ఉంటాయి. మీట నొక్కగానే అవి కలుసుకుని విద్యుత్ వలయం పూర్తవుతుంది. కీబోర్డులోని చిప్ దానిని గుర్తించి, ఏ మీట నొక్కారో తెలిపే సంకేతాన్ని కంప్యూటర్‌కు పంపుతుంది. వలయం పూర్తయిందా, లేదా అన్నదే చిప్‌కు ముఖ్యం. దానిని పూర్తి చేసింది ప్లాస్టిక్ మీటా, అరటిపండా అన్నది దానికి అనవసరం.

ఈ సూత్రం ఆధారంగా అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధక విద్యార్థులు జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ 'మేకీ మేకీ' అనే పరికరాన్ని రూపొందించారు. 2012లో కిక్‌స్టార్టర్ వేదికగా 25 వేల డాలర్ల లక్ష్యంతో ప్రజల నుంచి విరాళాలు కోరగా, 11 వేల మందికి పైగా ముందుకొచ్చి 5.68 లక్షల డాలర్లు అందజేశారు. పరికరం ముందువైపు నాలుగు బాణం గుర్తులు, స్పేస్, మౌస్ క్లిక్‌లకు స్థానాలున్నాయి. వెనుకవైపు మరో 12 ఉన్నాయి. యూఎస్‌బీ తీగతో కలపగానే కంప్యూటర్ దీనిని మామూలు కీబోర్డు, మౌస్‌గానే గుర్తిస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కిటుకంతా నిరోధంలోనే

ఇనుము, రాగిలతో పోలిస్తే పండ్లు, మానవ శరీరం విద్యుత్ ప్రవాహాన్ని ఎక్కువగా అడ్డుకుంటాయి. పండును ఒక చేత్తో తాకి, 'ఎర్త్' తీగను రెండో చేత్తో పట్టుకున్నప్పుడు ఆ మార్గంలోని నిరోధం 10 లక్షల ఓంల వరకూ ఉండవచ్చు. అంతటి నిరోధాన్ని దాటి వచ్చే అతి స్వల్ప ప్రవాహాన్ని పసిగట్టడమే ఇక్కడి సవాలు.

దీనికి పరిష్కారంగా ప్రతి మీట స్థానానికి 2.2 కోట్ల ఓంల నిరోధకాన్ని అమర్చారు. ఎవరూ తాకనప్పుడు అక్కడ దాదాపు 5 వోల్టులు ఉంటాయి. 10 లక్షల ఓంల మార్గం ఏర్పడగానే ఆ వోల్టేజీ రెండు నిరోధాల మధ్య పంపకమై 0.22 వోల్టుకు పడిపోతుంది. ఈ పతనాన్నే చిప్ 'మీట నొక్కారు' అని అర్థం చేసుకుంటుంది. ఇదే స్థానంలో మామూలు మైక్రోకంట్రోలర్లలో ఉండే 35 వేల ఓంల నిరోధకం ఉంటే వోల్టేజీ 4.8 దగ్గరే నిలిచిపోతుంది. పండును ఎంత గట్టిగా నొక్కినా కంప్యూటర్ ఉలకదు, పలకదు.

ఈ వలయంలో శరీరం గుండా ప్రవహించే విద్యుత్తు మైక్రో ఆంపియర్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే తాకినవారికి ఏమీ తెలియదు. నిమ్మకాయ బ్యాటరీలో మాదిరిగా పండు ఇక్కడ విద్యుత్తును పుట్టించదన్న సంగతి కూడా గమనించాలి. విద్యుత్తు కంప్యూటర్ నుంచే వస్తుంది. పండు కేవలం దారి ఇస్తుంది.

ఏవి పనికొస్తాయి?

నీరు, లవణాలు ఉన్నవన్నీ పనికొస్తాయి. టమాటా, నిమ్మకాయ, పచ్చి ఆకు, ఉప్పు కలిపిన చపాతీ పిండి, తడి బంకమట్టి, చింతపండు పులుసు నింపిన గిన్నె ఇందుకు ఉదాహరణలు. స్టీలు గ్లాసు, నాణెం, అల్యూమినియం రేకు సరేసరి. కాగితంపై మెత్తటి పెన్సిలుతో ముదురుగా గీసిన గీత కూడా మీటే, ఎందుకంటే పెన్సిలు ములికిలోని గ్రాఫైట్ విద్యుద్వాహకం. ప్లాస్టిక్, రబ్బరు, గాజు, ఎండిన కర్ర, పొడిబట్ట పనికిరావు. రంగు వేసిన ఇనుప వస్తువైతే రంగు గీకి తీగ తగిలించాలి.

మనుషులూ మీటలే. పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని నిలబడి, ఒక చివరి వారు ఎర్త్ తీగను, మరో చివరి వారు మీట తీగను తాకితే వలయం పూర్తవుతుంది. మధ్యలో ఒకరు చేయి వదిలితే ఆగిపోతుంది. వలయం అంటే ఏమిటో బోధించడానికి ఇంతకు మించిన ప్రయోగం అరుదు. ఎంఐటీలోనే రూపొంది 2007లో విడుదలైన 'స్క్రాచ్' అనే ఉచిత ప్రోగ్రామింగ్ భాషతో ఒక్కో మీటకు ఒక్కో శబ్దాన్ని పిల్లలే జతచేసుకోవచ్చు.

పాత కీబోర్డుతోనూ సాధ్యమే

మేకీ మేకీ కొనలేనివారు నిరాశ పడనక్కర్లేదు. మూలన పడేసిన యూఎస్‌బీ కీబోర్డును విప్పితే లోపల చిన్న సర్క్యూట్ పలక కనిపిస్తుంది. దానిపై ఒక మీటకు సంబంధించిన రెండు కొనలను వెతికి, తీగలు అతికించి బయటకు తీసుకోవాలి. అయితే ఈ చిప్‌లు నేరుగా కలిసే లోహాలనే గుర్తిస్తాయి. పండ్లతో పని కాదు. రెండు అట్టముక్కలకు అల్యూమినియం రేకు అంటించి, మధ్యలో రంధ్రం చేసిన స్పాంజి ముక్క ఉంచితే పెద్ద మీట సిద్ధమవుతుంది. నొక్కగానే రంధ్రంలోంచి రేకులు కలుస్తాయి.

పాఠశాలల్లో ఇటువంటి ప్రయోగాలకు వేదికలు లేకపోలేదు. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. ఒక్కో ల్యాబ్‌కు గరిష్ఠంగా రూ.20 లక్షల గ్రాంటును పథకంలో నిర్దేశించారు.

చేయి కదలని చిన్నారికి..

ఈ పరిజ్ఞానం వినోదంతో ఆగిపోదు. మస్తిష్క పక్షవాతం వంటి సమస్యలున్న పిల్లలకు కీబోర్డుపై చిన్న చిన్న మీటలను వేలితో నొక్కడం కష్టం. మోచేయి, మడమ, చెంప.. ఏది కదిలితే దానికి అందేచోట రేకు మీటను అమర్చవచ్చు. విండోస్‌లోని తెరపై కీబోర్డులో అక్షరాల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగే సదుపాయం ఉంది. కావలసిన వరుస, ఆపై కావలసిన అక్షరం వెలిగినప్పుడు స్పేస్ మీటను తాకితే చాలు. అంటే ఒకే ఒక్క మీటతో పేరు రాయవచ్చు, దాహంగా ఉందని చెప్పవచ్చు. తెలుగు కీబోర్డు అమరికను ఎంచుకుంటే తెలుగులోనే రాయవచ్చు.

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నెలకొల్పిన భవిత కేంద్రాల వంటి చోట్ల ఇటువంటి మీటలు ఎంతగానో ఉపకరిస్తాయి. ఏ అవయవానికి, ఎంత ఎత్తులో అమర్చాలన్నది ఫిజియోథెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయుల సలహాతో నిర్ణయించుకోవాలి.

జాగ్రత్తలు తప్పనిసరి

* ఇంటి విద్యుత్ సరఫరా తీగలను, ప్లగ్గు ఎర్త్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. 'ఎర్త్' అంటే ఇక్కడ పరికరంపై ఆ పేరుతో ఉన్న స్థానం మాత్రమే.
* ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసివేసి బ్యాటరీపైనే నడపడం శ్రేయస్కరం.
* ద్రవాలను కంప్యూటర్‌కు దూరంగా ఉంచాలి.
* తీగలు గుచ్చిన పండ్లను తినరాదు.
* చేతులు బాగా పొడిగా ఉండి మీట స్పందించకపోతే వేళ్లను కాస్త తడి చేసుకుంటే సరిపోతుంది.