చేతితో అచ్చువేసిన శుభాకాంక్ష

క్రిస్మస్ దగ్గరపడగానే శుభాకాంక్షల కార్డులు కొని, పేర్లు వ్రాసి తపాలాలో వేయడం మన సంఘాలలో అనేక కుటుంబాలకు అలవాటుగా ఉండేది. వచ్చిన కార్డులను దారానికి వ్రేలాడదీసి గోడకు కట్టేవారు. కొన్నిటిని బైబిలు పుటల మధ్య ఏండ్ల తరబడి దాచుకొన్నవారు కూడ కలరు. నేడు ఆ శుభాకాంక్షలు చాలామట్టుకు సెల్‌ఫోనులోనే వస్తున్నవి. ఒకే బొమ్మ పదిమందిని దాటి మన దగ్గరకు వస్తుంది. ఇట్టి రోజులలో ఇంటిలోనే కూర్చుండి, ఒక్కొక్క కార్డును తన చేతితో అచ్చువేసే కళాకారుని శ్రమకు విలువ ఉన్నదా? ఈ సంగతిని గూర్చి మా పాఠకులతో కలిసి ఆలోచించగోరుచున్నాము.

జల్లెడ వంటి పని

ఈ పనిని స్క్రీన్ ప్రింటింగ్ అంటారు. మొదట పట్టుబట్ట వాడేవారు గనుక సిల్క్ స్క్రీన్ అను పేరు వచ్చింది. ఇప్పుడు నైలాన్, పాలిస్టర్ బట్టలు వాడుచున్నారు. 1907లో ఇంగ్లండులోని మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ దీనికి పేటెంటు పొందాడు. పెద్దవంగర, తొర్రూరు ప్రాంతాల వారికి కూడ ఇది తెలియని పని కాదు. మన పట్టణాలలో పెండ్లి కార్డులు, గుడ్డ సంచుల మీద దుకాణాల పేర్లు ఎన్నో ఈ విధంగానే అచ్చయినవి.

మన ఇంటి జల్లెడను తలంచుకొంటే దీని కిటుకు అర్థమవుతుంది. రంధ్రం ఉన్నచోట పిండి దిగుతుంది, మూసుకొన్నచోట దిగదు. చెక్క ఫ్రేముకు సన్నని బట్టను బిగించి, వెలుతురు తగిలితే గట్టిపడే మందును దానికి పూసి చీకటిలో ఆరబెడతారు. బొమ్మను నల్లని సిరాతో ట్రేసింగ్ పేపరు మీద గీసి, ఆ బట్టకు ఆనించి, పైన గాజు పలక పెట్టి వెలుతురులో ఉంచుతారు. వెలుతురు తగిలినంత మేర మందు గట్టిపడుతుంది. నల్లని గీతల చాటున ఉన్నది మెత్తగానే ఉండి నీళ్లతో కడిగితే పోతుంది. ఆ దారిగుండానే రంగు దిగుతుంది. కార్డును క్రింద పెట్టి, ఫ్రేములో రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్కసారి లాగితే బొమ్మ పడుతుంది.

వినుటకు సులభమే గాని చేయుటకు ఓపిక కావాలి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్క్రీను. మూడు రంగులతో నూరు కార్డులు వేయాలంటే మూడువందల సార్లు లాగాలి. ప్రతి రంగు ఆరిన తరువాతనే మరొకటి వేయాలి. కార్డు వెంట్రుకవాసి జరిగినా నక్షత్రం ఒకచోట, దాని కాంతి మరొకచోట పడతాయి. మన తెలుగు అక్షరాలతో మరింత కష్టం. రంగు బట్టలో ఆరిపోతే ముందుగా పూడిపోయేవి చిన్న ఒత్తులే.

ఇల్లే పనిశాల

ఇంటినే పనిశాలగా చేసుకొనడం మన ప్రాంతానికి పాత సంగతే. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కుటుంబాలు తరతరాలుగా బట్టకు చింతగింజల గుజ్జు, సుద్దమట్టి, జిగురు పూసి దానిపై పటాలు చిత్రించుచున్నవి.

అయితే స్క్రీన్ పని చేసే ఇంటివారు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. పాత పద్ధతి మందులో కలిపే బైక్రోమేట్ విషపదార్థం. థిన్నర్ ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వీటిని వంటగదికి, పిల్లలకు దూరంగా ఉంచాలి. కడిగిన నీళ్లు బావి దగ్గర పోయరాదు. నీటితో కలిసే రంగులు ఇంటికి మేలు.

కొరీటా కెంట్

ఈ పనిని గొప్ప కళగా మార్చిన వారిలో కొరీటా కెంట్ ఒకరు. ఆమె 1918లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించింది. 1936లో రోమన్ కతోలిక సన్యాసినియై, తరువాత లాస్ ఏంజిల్స్‌లోని ఇమ్మాక్యులేట్ హార్ట్ కళాశాలలో చిత్రలేఖనం బోధించింది. రొట్టె పొట్లం మీది రంగుచుక్కలను, బజారు ప్రకటనల మాటలను తీసుకొని, వాటితోనే ఆకలిగొన్నవారిని గూర్చి, సమాధానాన్ని గూర్చి చిత్రాలు అచ్చువేసింది. ఒక్క చిత్రం ఒక్క ధనవంతుని ఇంటికే చేరకూడదని, సామాన్యులు కొనగలగాలని ఆమె కోరిక. స్క్రీన్ ముద్రణ అందుకు తగిన మార్గమైనది.

1968లో ఆమె సన్యాసినీ జీవితం విడిచి బోస్టన్ చేరింది. 1974లో కాన్సరు వ్యాధి బయటపడినా పని మానలేదు. 1985లో అమెరికా తపాలాశాఖ ఆమె గీసిన రంగుల చారలతో ప్రేమ అను మాటగల బిళ్ళను విడుదల చేయగా, 70 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. మరుసటి సంవత్సరమే ఆమె మరణించింది.

కార్డు కాదు, చేయి

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. మొదటి క్రిస్మస్ కార్డు పుట్టింది తీరిక లేకనే! 1843లో లండనులో హెన్రీ కోల్ అను ఉద్యోగి, తనకు వచ్చిన ఉత్తరాలన్నిటికి జవాబు వ్రాయ సమయం లేక, జాన్ హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ గీయించి సుమారు వెయ్యి కార్డులు అచ్చువేయించాడు. నడుమ విందు చేసుకొనే కుటుంబం, ఇరుప్రక్కల పేదలకు అన్నవస్త్రాలిచ్చే దృశ్యాలు అందులో ఉన్నవి. కాబట్టి కాగితమైనంత మాత్రాన పవిత్రమనీ, ఫోనులో వచ్చినంత మాత్రాన వ్యర్థమనీ మేము చెప్పము.

రోమీయులకు వ్రాసిన పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. అది పౌలు మాటే గనుక దాని విలువ తగ్గలేదు. అయినను గలతీయుల పత్రిక చివర పౌలు తానే పెద్ద అక్షరాలతో వ్రాశాడు. ఆ సంఘమంటే తనకెంత ఆతురతయో అది తెలుపుచున్నది గదా! చేతితో చేసిన కార్డు కూడ అట్టిదే. నీ కొరకు ఇంత సమయం పెట్టాను అని అది మాట్లాడకనే చెబుతుంది.

ప్రియ పాఠకులారా, మీ ఊరి దగ్గర ఇంటిలో ఈ పని చేసేవారుంటే ఈ యేడు సంఘ కార్డులు వారిచేత వేయించండి. వారి ఇంటి పొయ్యి వెలుగుతుంది. లేనియెడల మీ పిల్లలచేత కాగితంలో నక్షత్రం కత్తిరింపజేసి, పాత ఫ్రేముకు సన్నని బట్ట బిగించి, మందులేమీ లేకుండానే పది కార్డులు వేయించండి. ఫోను లేని అవ్వకు ఒకటి, హాస్టలులో ఉన్న బిడ్డకు ఒకటి, పలుకరించి చాలాకాలమైన బంధువునకు ఒకటి పంపండి. రంగు కొంచెం చెదిరినా చింతించకండి.