ఇంకుడు బావులు - పేట సేవకులు

2022వ సంవత్సరము సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు భాగమున, బెళ్లందూరు ప్రాంతపు వీధులలో, జనులు పడవలపైనను ట్రాక్టర్లపైనను ప్రయాణము చేసిరి. 2024 వేసవిలో అదే నగరమున సుమారు 14,000 ప్రభుత్వ గొట్టపుబావులలో దాదాపు సగము ఎండిపోయెను. ముంపును, కరువును ఒక్క ఊరికే! వాతావరణము మారుచున్న ఈ దినములలో వాన కొద్ది గంటలలోనే కుండపోతగా కురిసి, తరువాత చాలకాలము ముఖము చాటువేయుట హెచ్చుచున్నది. నగరమున సాలుకు సగటున 95 సెంటీమీటర్లకు పైగా వాన పడును. ఆ నీటిని కాలువలపాలు చేసి, కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోసి తెచ్చుకొనుచున్నాము.

ఇందులకు ఒక ఉపాయము ఇంకుడు బావి. మూడు నాలుగడుగుల వెడల్పున, ఇరువది ముప్పది అడుగుల లోతున త్రవ్వి సిమెంటు ఒరలు దింపుదురు. అడుగున గచ్చు చేయరు. నీరు ఇంకవలెను గదా! మిద్దెపై నీటిని గులకరాళ్లగుండ వడగట్టి లోనికి వదలుదురు. మురుగునీరు చుక్కయైనను చేరరాదు.

వీనిని త్రవ్వువారు మన్ను వడ్డర్లు. తరతరములుగా బావులు, చెరువులు త్రవ్విన వీరిలో పెక్కురు ఇంట తెలుగే మాటాడుదురు. గొట్టపుబావుల యంత్రములు వచ్చిన పిదప వీరి పని సన్నగిల్లెను. బయోమ్ అను సంస్థ వారు 10 లక్షల ఇంకుడు బావుల ఉద్యమము చేపట్టి వీరికి మరల పని చూపుచున్నారు. కబ్బన్ పార్కులోని పాత బావులకు పూడిక తీసినదియు వీరే. ఏ నేల నీరు పీల్చునో, ఏ గట్టు కూలునో చెప్పగల వీరిని, పేట సేవకులకు శిక్షణ యిచ్చునప్పుడు కూలివాండ్రుగా గాక గురువులుగా పిలువవలెనని నా అభిప్రాయము.

సేవకులు మొదట నేర్వవలసినది లెక్క. 100 చదరపు మీటర్ల మిద్దెపై 1 సెంటీమీటరు వాన పడినచో 1,000 లీటర్లు. 30 అడుగులు 40 అడుగుల మిద్దెపై ఏటికి లక్ష లీటర్లు దాటును! తరువాతిది కొలత. త్రాటికి బరువు కట్టి, నెలకొకసారి నీటిమట్టము కొలిచి పుస్తకమున వ్రాయవలెను. విద్యార్థులారా, ఈ పని మీరును చేయగలరు. కాని పెద్దలు దగ్గరుండవలెను, గట్టుపైనుండి లోనికి వంగరాదు. పాత బావులలో విషవాయువు ఉండవచ్చును గనుక దిగుట ప్రాణాపాయము. రెండు మూడేండ్లు వ్రాసిన పుస్తకము చేతనున్నచో, వాన కురిసిన ఎన్నాళ్లకు నీరు పైకి వచ్చెనో, ఏ వేసవిలో ఎంత దిగెనో తెలియును. ట్యాంకరు పిలువకముందే ఎవరెంత వాడుకొనవలెనో పేటవారు కూర్చుండి మాటాడుకొనవచ్చును.