కరెంటుకూ ఉంది... ఆడిట్!

చేలో వేరుశనగ ఊడలు దిగే సమయం. వాన మొహం చాటేసింది. బోరులో మిగిలిన కాసిని నీళ్లతో ఒక్క తడి ఇస్తే పంట గట్టెక్కుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే? లో వోల్టేజీకి మోటారు కాలిపోతే? ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం సీమలో ఆ ఒక్కరోజు కరెంటు విలువ... ఒక పంట!

అందుకే కరెంటు ఎంత తయారవుతోందన్నది ఒక ఎత్తయితే, దాన్ని నడిపించే కంట్రోల్ రూములు ఎంత సిద్ధంగా ఉన్నాయన్నది మరో ఎత్తు. ఆ సంగతి తేల్చేదే రిలయబిలిటీ ఆడిట్. పేరు చూసి లెక్కల పుస్తకాలు తిరగేయడం అనుకునేరు. ఇది డబ్బు లెక్క కాదు, నమ్మకం లెక్క. ప్రమాదం జరిగాక కారణం వెతకడం విచారణ. జరగకముందే లోపం వెతకడం ఆడిట్.

అలారం మోగలేదు...

ఈ పద్ధతికి ఊపు తెచ్చింది అమెరికాలో జరిగిన ఓ ఘటన. 2003 ఆగస్టు 14 మధ్యాహ్నం ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. అది ఆగిపోయిందని కూడా అక్కడి ఆపరేటర్లకు తెలీదు. బయట ఏపుగా పెరిగిన చెట్లకు తగిలి హైటెన్షన్ లైన్లు ఒకదాని వెనక ఒకటి పడిపోతున్నాయి. లోపల మాత్రం అంతా ప్రశాంతం! పక్క సంస్థల నుంచి ఫోన్లు వస్తున్నా తీవ్రత అర్థం కాలేదు. రెండు గంటలు తిరక్కుండానే అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్లమంది చీకట్లో చిక్కుకున్నారు.

ఆ దెబ్బతో 2004 నుంచి అక్కడి కంట్రోల్ రూములకు ‘సంసిద్ధత ఆడిట్లు’ మొదలయ్యాయి. ఇతర సంస్థల్లో పనిచేసే అనుభవజ్ఞులు కూడా బృందంగా వెళ్లి ఆపరేటర్లతో మాట్లాడేవారు. వాళ్ల ప్రశ్నలు వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. ప్రమాదం ముంచుకొస్తే పైఅధికారిని అడక్కుండానే లోడు తగ్గించే అధికారం నీకుందా? ఈ కంప్యూటర్లు మొరాయిస్తే ఎక్కణ్నుంచి పనిచేస్తావు? శిక్షణ ఎప్పుడు తీసుకున్నావు? నిజానికి పెద్ద పెద్ద వ్యవస్థలు కూలేది ఇలాంటి చిన్న ప్రశ్నలకు జవాబు లేకనే.

లేని దొంగను చూసి...

మనకూ అలాంటి రోజు వచ్చింది. 2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడే మళ్లీ! ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా ప్రజలున్న ప్రాంతం స్తంభించింది. మొదలైంది మాత్రం ఒక్క లైనుతోనే. బీనా-గ్వాలియర్ 400 కేవీ లైనులో ఫాల్టు ఏమీ లేదు. లోడు ఎక్కువై, వోల్టేజీ తగ్గేసరికి దానికి కాపలా ఉండే రిలే ఫాల్టు వచ్చిందనుకుని లైను తెంపేసింది. లేని దొంగను చూసి తలుపులు మూసేసిన కాపలాదారు అన్నమాట! కోటాకు మించి కరెంటు లాగొద్దని లోడ్ డిస్పాచ్ కేంద్రాలు చెప్పినా రాష్ట్రాలు సరిగా పట్టించుకోలేదని కూడా విచారణ కమిటీ తప్పుపట్టింది. బయటి నిపుణులతో రక్షణ వ్యవస్థలను ఆడిట్ చేయించాలని సిఫార్సు చేసింది.

అప్పుడు దక్షిణాది తప్పించుకుంది. కారణం... మన గ్రిడ్ అప్పటికి విడిగా ఉండటమే. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ జాతీయ గ్రిడ్‌లో కలిశాం. కొరత వస్తే దేశం ఆదుకుంటుంది. దేశంలో ఎక్కడ కుదుపు వచ్చినా మనకూ తగులుతుంది.

రిలేకూ మార్కులు

2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన గ్రిడ్ కోడ్ ఈ పరీక్షలకు లెక్క కట్టింది. రక్షణ వ్యవస్థలను ఏటా సంస్థ సొంతంగా ఆడిట్ చేసుకోవాలి. 220 కేవీ, ఆపై సబ్‌స్టేషన్లను అయిదేళ్లకోసారి బయటివాళ్లతో చేయించాలి. ఈ స్థాయి రక్షణ వ్యవస్థల పనితీరుపై నెలనెలా మార్కుల జాబితా కూడా పంపాలి. ఫాల్టు వచ్చినప్పుడు రిలే తప్పకుండా పనిచేసిందా అన్నదానికి ఒక మార్కు. అనవసరంగా పనిచేయకుండా ఊరుకుందా అన్నదానికి మరొకటి. రెండూ కలిపి చూస్తే తేలేది విశ్వసనీయత. నిద్రపోయే కాపలాదారూ వద్దు, ఊరికే కేకలేసేవాడూ వద్దు!

గాలి ఉన్నప్పుడే...

‘గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాల’న్నది మన పెద్దల మాట. కరువు తెచ్చిపెట్టిన ఎండా గాలీ ఇప్పుడు ఈ సీమకు పంటయ్యాయి. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు లేచాయి. ప్రస్తుతం శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న నంబులపూలకుంట సోలార్ పార్కులో 2016లో తొలి 250 మెగావాట్లు అందుబాటులోకి వచ్చాయి. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో మరో పార్కు. ఉరవకొండ వైపు గాలిమరల వరస.

చిక్కల్లా ఏమిటంటే... మబ్బు పట్టినా, గాలి పడిపోయినా మనల్ని అడిగి చేయవు. సాయంత్రానికి సోలార్ మొత్తం దిగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. తయారీ, వాడకం క్షణక్షణం సరితూగితేనే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. ఆ తక్కెడను పట్టుకునేది రాష్ట్రంలో విజయవాడ లోడ్ డిస్పాచ్ కేంద్రం, దక్షిణాదికంతటికీ బెంగళూరు కేంద్రం. అందుకే ఇక్కడి ఆడిట్‌లో ప్రశ్నలు పెరుగుతాయి. గాలి, ఎండ అంచనాలు ఆపరేటర్‌కు వేళకు అందుతున్నాయా? వోల్టేజీ కాసేపు కిందికి జారితే సోలార్ యూనిట్లు, గాలిమరలు తట్టుకుంటాయా, లేక ఒక్కసారిగా చేతులెత్తేస్తాయా?

ఊరి సబ్‌స్టేషన్ మాటేమిటి?

రైతుకు బెంగళూరు, విజయవాడ కన్నా ఊరి దగ్గరి 33/11 కేవీ సబ్‌స్టేషనే దగ్గర. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ డిస్కం పరిధిలోని ఆ చిన్న గది కూడా కంట్రోల్ రూమే. అక్కడ చూడాల్సినవీ ముఖ్యమైనవే. పోయిన కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి తిరిగితే వోల్టేజీ కూలబడుతుంది, వైండింగులు కాలుతాయి. ఫీడర్లను వరసగా, విడివిడిగా ఛార్జ్ చేస్తున్నారా? ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి మించి మోటార్లున్నాయా?

ఇక అన్నిటికన్నా పెద్దది ఎల్‌సీ. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే లైన్ క్లియర్. ఏ ఫీడర్, ఎవరడిగారు, ఎన్నింటికి ఆపారు, పని ముగిసిందని ఎవరు చెప్పాక ఛార్జ్ చేశారు... ఆ రిజిస్టర్‌లో ఒక్క గీత తప్పితే పోయేది ఒక ప్రాణం. అది నోటిమాటతో నడుస్తోందా, రాతతో నడుస్తోందా అని తనిఖీ చేసే ఆడిట్ ఒక కుటుంబానికి దిక్కును కాపాడినట్టే.

కాగితం దాటితేనే...

అయితే ఏ ఆడిట్‌కైనా అసలు పరీక్ష నివేదిక ఇచ్చాకే. ‘రిలే సెట్టింగు మార్చాలి’ అని రాశారు సరే, ఎవరు మార్చాలి? ఏ తేదీలోగా? మార్చారని ఎవరు చూస్తారు? ఈ మూడింటికీ జవాబుంటేనే ఆ కాగితం కరెంటవుతుంది. తప్పు ఒప్పుకున్న ఆపరేటర్‌ను శిక్షించే చోట తప్పులు దాక్కుంటాయి. నేర్పించే చోట అవే తగ్గుతాయి.

వినియోగదారులుగా మనకూ ఒక హక్కుంది. సగటున ఒక్కో ఇంటికి ఏడాదిలో ఎన్నిసార్లు కరెంటు పోయింది, మొత్తం ఎంతసేపు పోయింది... ఈ రెండు లెక్కలకూ ప్రమాణాలు నిర్దేశించాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. కరెంటు పోయినప్పుడు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నమోదైన ప్రతి ఫిర్యాదూ ఆడిటర్ చేతికి ఒక ఆధారం. నమోదు కాని చీకటి... లెక్కలోకి రాదు!