గోదావరి వరద - మూడు హెచ్చరికలు

భద్రాచలమునకు ఎగువననే ప్రాణహిత, ఇంద్రావతి మున్నగు నదులు గోదావరిలో కలియుచున్నవి. అందువలన ఎక్కడనో మహారాష్ట్రమునను, బస్తరు అడవులలోను కురిసిన వాన కొన్ని దినములకు ఇచ్చట వరదయై వచ్చును. భద్రాచలమున ఆకాశము నిర్మలముగా నున్నను నది పొంగవచ్చును! ఆకసమును చూచి వరదను ఊహించుట కుదరదు, అంకెలను చూడవలసినదే.

కాళేశ్వరము, పేరూరు మొదలగు చోట్ల కేంద్ర జలసంఘమువారు నీటిమట్టమును కొలిచి, దిగువకు ఏ వేళకు ఎంత నీరు చేరునో లెక్క కట్టుదురు. ఆ లెక్కలు సముద్రమట్టమునుండి మీటర్లలోను, లక్షల క్యూసెక్కులలోను ఉండును. ఇంజనీర్లకు అవి చాలును. కాని మట్టము 45.72 మీటర్లని చెప్పినచో అడవి యంచున సేద్యము చేసికొను కోయ రైతునకు ఏమి బోధపడును? కుంచములతో కొలుచువానికి టన్నులలో చెప్పినట్లుండును. అతనికి కావలసినది ఒక్కటే: పశువులను ఎప్పుడు విప్పవలెను, పిల్లలతో ఎప్పుడు మెరకకు చేరవలెను?

అదే మట్టము భద్రాచలము కొలబద్దపై 43 అడుగులు. అది మొదటి హెచ్చరిక. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. నీరు తగ్గినకొలది వానిని విలోమ క్రమమున ఉపసంహరింతురు. చదువురానివారును ఈ మూటిని నోటితో చెప్పుకొనగలరు. చాటింపు వేయువాడు తడబడడు. లెక్క ఎంత సూక్ష్మమైనను, వినువానికి అందనిచో అది కాగితముననే మిగిలిపోవును గదా!

ఈ యేర్పాటునందు కొరత లేకపోలేదు. 1986 ఆగస్టు 16న నీరు 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరగా వేలకొలది జనులు శిబిరములలో తలదాచుకొనిరి. 53 అడుగులు దాటిన పిమ్మట నాలుగవ హెచ్చరిక లేదు. అటుపైని ప్రతి అడుగును విడిగా చెప్పవలసినదే.

దిగువనున్న కూనవరము సంగతి మరియొక తీరు. అచ్చట శబరి వచ్చి గోదావరిలో కలియును. గోదావరి నిండుగా నున్నప్పుడు శబరి నీరు పోవు దారి లేక వెనుకకు ఎగదన్నును. భద్రాచలమునందలి అంకె ఆ యూరివారికి సగము మాటయే చెప్పును. రెండు నదుల వార్తయు వారికి కావలెను. 2014లో ఆ మండలము ఆంధ్రప్రదేశమున చేరినది, భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. అయినను వరద దినములలో ఉభయ రాష్ట్రముల అధికారులును చూచునది ఆ కొలబద్దనే.