పత్రికలకు వార్తలు కరువైన వేళ

పత్రికలో తన కొట్టు పేరు పడాలని కోరని వర్తకుడు ఉండడు. ప్రకటనకైతే జాగాను కొలిచి సొమ్ము పుచ్చుకుంటారు. వార్తకు కానీ ఇవ్వనక్కరలేదు. పైగా ప్రకటన చూసి పెదవి విరిచే మనిషే వార్త చదివి నమ్ముతాడు. అందుచేత చెన్నపట్నంలోని మనవాళ్లు కొందరు చిత్తు కాగితం పట్టుకువచ్చి, "ఇది ఇంగ్లీషులోనూ తమిళంలోనూ కాస్త వ్రాసిపెట్టండి, పత్రికలకు పంపాలి" అని మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఆఫీసు ఉత్తరాలు వ్రాసి వ్రాసి చెయ్యి తిరిగినవాళ్లం కనుక కాదనము. వ్రాయడానికేమి, ఎవరైనా వ్రాయగలరు. ఎప్పుడు పంపాలి, ఏమని పంపాలి అన్నదే తెలియవలసిన సంగతి.

పత్రికకు ఇన్ని పుటలని నిర్ణయం ఉంటుంది గాని, లోకంలో జరిగే సంగతులకు అటువంటి నిర్ణయం ఏదీ లేదు. ఆదివారం నాడు సచివాలయం లేదు, కోర్టు లేదు, షేర్ల బజారు లేదు. అయినా సోమవారం ఉదయానికి పత్రిక రావలసిందే. సోమవారపు సంచికలో ఆటల వార్తలు, సభల వార్తలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. మే నెలలో హైకోర్టుకు వేసవి సెలవులు, బడులకు సెలవులు. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు కూడా సాధారణంగా అప్పటికి ముగిసిపోతాయి. డిసెంబరు ఆఖరివారం కూడా ఇంచుమించు ఇంతే. ఎన్నికల సంవత్సరానికి మాత్రం ఈ లెక్క చెల్లదు. 2024లో లోక్‌సభ పోలింగు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా సాగింది. ఆ ఏడు మే నెలలో పాత్రల కొట్టు సంగతి ఎవరికి కావాలి? ఇంకొక మాట. స్వాతంత్ర్య దినం, దీపావళి వంటి సెలవు దినాలలో చాలా పత్రికల కార్యాలయాలు మూసి ఉంటాయి, మరునాడు సంచిక రాదు. ముహూర్తం బాగుందని ఆ రోజునే ప్రారంభోత్సవం పెట్టుకుంటే మంగళవాద్యాలు మీ వీధివాళ్లకు మాత్రమే వినిపిస్తాయి.

ఈ కరువు ఒక్క మన దేశానిదే కాదు. ఇంగ్లీషువాళ్లు వేసవిలో పార్లమెంటు లేని నెలలను 1861 నుంచీ 'సిల్లీ సీజన్' అంటున్నారు. జర్మనులు 'ఊరవేసిన దోసకాయల కాలం' అంటారు. ఆ కాలంలో పత్రికలవాళ్లు ఏది దొరికితే అది వేస్తారని రెంటికీ తాత్పర్యం. స్కాట్లండులో నెస్ సరస్సులో వింత జంతువు ఉన్నదని 1933 మే 2న ఇన్వర్నెస్ కూరియర్ అనే చిన్న పత్రిక వేసింది. చూశామన్న దంపతులు ఆ ప్రాంతంలో హోటలు నడిపేవారు. ఆ తరువాత ఆ ఊళ్ల హోటళ్లకు వచ్చిన గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు. కాని కొద్ది కాలానికే డైలీ మెయిల్ పంపిన వేటగాడు ఒడ్డున అడుగుజాడలు కనిపెట్టడమూ, అవి ఎండబెట్టిన నీటి ఏనుగు కాలితో వేసిన ముద్రలని లండను మ్యూజియం శాస్త్రజ్ఞులు తేల్చడమూ జరిగింది. వేటగాడు నవ్వులపాలైనాడు. అంత పెద్ద సరస్సు కనుక ఆ నవ్వుకు తట్టుకున్నది. మన కొట్టు తట్టుకోలేదు.

మనవారు ఇంతకంటె మర్యాదైన దారి ఏనాడో తొక్కారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' పెట్టి, 1914లో దానిని మదరాసులో దినపత్రిక చేశారు. పత్రికే పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదనుకోండి. కేసరి కుటీరం మందుల అధిపతి కె. ఎన్. కేసరిగారు తమ 'గృహలక్ష్మి' పత్రిక పేర 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం ఇవ్వసాగారు. మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మగారికి దక్కింది. లోధ్ర మందు గుణాలను వార్తగా వేయమంటే ఏ సంపాదకుడు వేస్తాడు? ఒక రచయిత్రికి జరిగిన సన్మానమైతే అది వార్తే. అందులో కేసరిగారి పేరు దానంతట అదే వస్తుంది.

చెన్నపట్నంలో ఇప్పుడు మనకు ఏటేటా ఒక మంచి అదను ఉన్నది. దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఈ సముద్రపుటొడ్డు రాసి ఇచ్చిన రోజు 1639 ఆగస్టు 22 అని లెక్క కట్టి, ఎస్. ముత్తయ్యగారు, మరి కొందరు పాత్రికేయులూ 2004 నుంచి 'మద్రాసు దినం' జరపడం మొదలుపెట్టారు. ఇప్పుడది వారం దాటి నెలంతా సాగుతున్నది. ఆ రోజులలో విలేఖరులు పాత వీధులు, పాత ఇళ్లు, పాత కొట్లు వెతుక్కుంటూ తిరుగుతారు. ఏటా అవే నాలుగు కొట్లను గురించి ఎన్నిసార్లని వ్రాస్తారు? కొత్తగా చెప్పదగిన పాత కొట్టు వారికి కావాలి. మన కొట్లలో పాతవి లేక కాదు, చెప్పేవాళ్లు లేరు. తాళం వేసిన నాడు మాత్రం 'మూతపడిన తొంభై ఏళ్ల కొట్టు' అని ఫోటోతో సహా వేస్తారు. అప్పుడు చదివి "అయ్యో" అనుకున్నవాళ్లు ముందే ఒక చెంబు కొనిపోయి ఉంటే బాగుండేది గదా!

ఇత్తడి పాత్రల వర్తకం చేసే శెట్టిగారొకరు రెండేళ్ల క్రిందట మా దగ్గరకు వచ్చారు. కొడుకు ఆ జాగాను సెల్‌ఫోన్ల కొట్టుకు అద్దెకిద్దామంటున్నాడు, ఆయనకు మనసొప్పడం లేదు. తెచ్చిన కాగితంలో 'నాణ్యతకు నిలయం, నమ్మకానికి మారుపేరు, పది శాతం తగ్గింపు' అని ఉన్నది. "ఇవి ప్రకటన మాటలు శెట్టిగారూ, ఇంకేమైనా ఉన్నదా?" అని అడిగాము. "ఏముంటుందండీ, తాతగారి చిట్టా ఆవర్జాలు అటకమీద ఉన్నాయి" అన్నారు. దింపించి చూస్తే 1942 ఏప్రిల్‌లో చిట్టా హఠాత్తుగా ఆగిపోయింది. ఆ నెల 6న జపానువాళ్లు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశారు. ఆ భయానికి ప్రభుత్వం చెప్పగా మదరాసు జనం ఊరు విడిచి వెళ్లిపోయారు. కొన్ని ఖాళీ పుటల తరువాత అదే తెలుగు గొలుసుకట్టు వ్రాతలో 'శ్రీరామ' చుట్టి మళ్లీ మొదటి బేరం వ్రాసి ఉన్నది. శెట్టిగారికి అది పాత కాగితం. విలేఖరికి అది బంగారం. ఆ ఖాళీ పుటల సంగతి తమిళంలో ఒక పుట, ఇంగ్లీషులో ఒక పుట వ్రాసి, ఆగస్టు మొదటి వారంలోనే పంపించాము. ఒక తమిళ పత్రిక సోమవారం నాడు ఫోటోతో వేసింది. పది శాతం తగ్గింపు మాట వేయలేదని శెట్టిగారు గొణిగారు. అయితే ఆ వారంలో ముత్తవ్వల బిందెలు తెచ్చి కళాయి వేయించుకుపోయినవారు చాలామందే. కొట్టు ఇప్పటికి ఉన్నది. కొడుకు మాట ఇంకా తేలలేదు.

పంపే పద్ధతి మాటకు వస్తే, కాగితం ఒక పుట దాటకూడదు. మొదటి రెండు వాక్యాలలో ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎన్నడు అన్నవి రావాలి. తమిళ పత్రికకు తమిళంలో, కన్నడ పత్రికకు కన్నడంలో పంపాలి. ఊళ్లో ఎన్ని తరాలుండీ ఊరి భాషలో ఒక పుట వ్రాయించలేమంటే వినేవాళ్లకు బాగుండదు. ఫోటోలో ఎడమనుంచి కుడికి ఎవరెవరో వ్రాయాలి. ఆదివారపు అనుబంధాలు ముందుగానే సిద్ధమవుతాయి కనుక శనివారం పంపి లాభం లేదు. విలేఖరికి ఫోను పగటిపూటే చేయాలి. సాయంత్రం పుటలు కట్టే వేళ చేస్తే విసుక్కుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. మందుల వర్తకులైతే ఫలానా రోగం కుదురుస్తామని వ్రాయించుకునే ముందు 1954 నాటి మందుల ప్రకటనల చట్టం చూసుకోవాలి. సొమ్ము పుచ్చుకుని ప్రకటననే వార్తగా వేస్తామనేవారు కూడా తటస్థపడతారు. ప్రకటన వేరు, వార్త వేరుగా కనిపించాలని ప్రెస్ కౌన్సిల్ నియమం. సొమ్మిచ్చేటప్పుడు ప్రకటన అనే వేయించుకోండి.

ఇంత చేసినా వార్త పడకపోవచ్చు. 2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాడు. అంతకంటె ఖాళీ రోజు ఉండదనుకుంటాము. ఆ ఉదయమే సునామీ వచ్చింది. 2015 డిసెంబరు వరదలకు పనివాళ్లు అచ్చాఫీసు చేరలేక, 2వ తేదీన చెన్నైలో 'ది హిందూ' సంచికే రాలేదు. అటువంటప్పుడు అలగకుండా నెల ఆగి, తేదీ మార్చి మళ్లీ పంపాలి. వార్త పడితే విలేఖరికి ఒక్క ముక్క కృతజ్ఞతగా వ్రాస్తే చాలు. మిఠాయి పొట్లాలు వద్దు. కత్తిరించిన వార్తమీద పత్రిక పేరు, తేదీ సిరాతో వ్రాసి ఆవర్జాలో పెట్టుకోండి. తరువాత వచ్చే విలేఖరి మొట్టమొదట అడిగేది అదే.