మహానగరములు – వాని బయళ్లు



మన పల్లెలలో మందబయలు కలదు, చెఱువుగట్టు కలదు, రచ్చచెట్టు క్రింద నలుగురు కూర్చుండు చోటు కలదు. ఇవి తాతలనాటినుండి యున్నవి గనుక ఎల్లకాలము నుండునని మనము తలచెదము. వీనికి వెల కట్టినవారును లేరు. నగరవాసులకు అట్టి నిశ్చింత లేదు. ఇండ్లపై ఇండ్లు లేచి, కాలు చాచుటకు చోటు లేక, గాలికై మొగము వాచినప్పుడు గాని బయలు విలువ వారికి తెలియలేదు. తెలిసిన పిదప కొందఱు విశేషధనము వెచ్చించి బయళ్లను సంపాదించుకొనిరి. కొందఱు దైవవశమున దక్కినవానిని పోరాడి నిలుపుకొనిరి. అట్టి నాలుగు నగరముల సంగతి ఈ ప్రసంగమున మనవి చేసెదను. ప్రతిదానిని గూర్చియు మూడే ప్రశ్నలు వేసెదను. ఆ నేల మొదట ఎవరిది? అది జనులందఱిది ఎట్లయ్యెను? నేడు దానిని కాచుచున్నవారెవరు?

మొదట లండను. ఆ నగరము నడుమ హైడ్ పార్కు అను వనము 350 ఎకరముల మేర కలదు. ఆ నేల పూర్వము వెస్ట్‌మినిస్టరు మఠమువారిది. 1536లో ఎనిమిదవ హెన్రీ రాజు దానిని మఠమునుండి గైకొని, జింకలను వేటాడుటకై తనకు ఉంచుకొనెను. నూఱేండ్లు గడచిన పిమ్మట, 1637లో, మొదటి ఛార్లెసు రాజు సామాన్యజనులను లోనికి రానిచ్చెను. 1730 ప్రాంతమున కరొలైను రాణి వెస్ట్‌బోర్న్ అను వాగునకు అడ్డకట్ట వేయించి, సర్పెంటైను అను చెఱువును ఏర్పఱిచెను. చెఱువు పని యెఱిగిన మనకు ఇది వింత కాదు.

అయినను, రాజు దయతలచి రానిచ్చిన చోటు వేఱు. ప్రజలు హక్కుగా ప్రవేశించు చోటు వేఱు. 1866లో పనివాండ్రు తమకును ఓటుహక్కు కావలెనని అచ్చట సభ జరుపబూనగా, ప్రభుత్వమువారు ద్వారములు మూయించిరి. జనసమూహము ఇనుప కటకటాలను పెఱికివైచి లోనికి చొచ్చెను. ఆఱేండ్లకు, 1872లో, ఉద్యానములలోని సభలను గూర్చి చట్టము వెలసినది. ఆ వనపు ఈశాన్యమూలను నిలిచి నేటికిని ఎవరైనను తమ మాట నలుగురికి చెప్పుకొనవచ్చును. అది లండనువారి రచ్చబండ యని నేననుకొందును.

రెండవది న్యూయార్కు. అచ్చటి సెంట్రల్ పార్కు 843 ఎకరముల విస్తీర్ణము కలది. ఇది ఏ రాజును ఇచ్చినది కాదు. 1853లో చట్టము చేసి, భూమికి వెల యిచ్చి సేకరించినది. రాతిగుట్టలతోను బురదనేలలతోను నిండిన ఆ చోట, ఓమ్‌స్టెడ్, వాక్స్ అను నిరువురు 1858లో పోటీ గెలిచి తమ పథకమును అమలుపఱిచిరి. మందుపెట్టి బండలు పగులగొట్టిరి, ఇరుగు రాష్ట్రమునుండి మన్ను తోలించిరి, చెట్లు నాటిరి, చెఱువులు కట్టిరి. నేడు సహజవనమువలె కనబడునదంతయు మనుష్యులు చేతులతో చేసినదే. ఊరి బండ్లు అడ్డముగా పోవుటకు నాలుగు బాటలను నేలమట్టమునకు దిగువగా వేసిరి. లోపల నడచువారికి ఆ రాకపోకలు కనబడవు. వనము వచ్చిన పిదప చుట్టునున్న స్థలముల వెల పెరిగి, నగరమునకు పన్నురాబడి హెచ్చెను. ఖర్చు దండుగ యన్నవారికి అదియే సమాధానమయ్యెను.

అయితే ఆ నేల ఖాళీగా నుండలేదు. సెనెకా విలేజి అను నూరు అచ్చట నుండెను. అందు పెక్కుమంది సొంత ఇల్లు కట్టుకొన్న నల్లజాతివారు. వారికి దేవాలయములును బడియును కలవు. 1857 నాటికి ఆ యూరివారితో కలిపి సుమారు 1,600 మందిని ఆ మేరనుండి లేవదీసిరి. వెల ముట్టినను, అది చాలదని మొఱపెట్టుకొన్నవారు కలరు. 2001లో, అనగా దాదాపు నూటయేబది యేండ్లకు, ఆ యూరి పేరు తెలుపు ఫలకమును అచ్చట నిలిపిరి.

మఱియొక సంగతి. 1970 తరువాతి యేండ్లలో నగరమునకు ధనలోపము కలుగగా వనము పాడుపడెను. పచ్చిక మాడెను, కట్టడములు శిథిలమయ్యెను. 1980లో పౌరులు సంఘముగా నేర్పడి, చందాలు కూర్చి, నగరముతో కలిసి దానిని మరల నిలువబెట్టిరి. నేటికిని దాని పోషణము ఆ సంఘముదే.

మూడవది, నేడు కోల్‌కతా యని పిలువబడు కలకత్తా. అచ్చటి మైదానము ఇంచుమించు వేయి ఎకరముల బయలు. దాని పుట్టుక చిత్రమైనది. 1756లో నవాబు సిరాజుద్దౌలా ఆంగ్లేయుల పాతకోటను పట్టుకొనెను. మఱుసటి యేట ప్లాసీలో గెలిచిన కుంపినీవారు, 1758లో గోవిందపురమను గ్రామపు నేలపై క్రొత్తకోటకు పునాది వేసి, గ్రామస్థులను వేఱుచోటికి పంపిరి. ఫిరంగులు కాల్చుటకు ఎదురు అడ్డముండరాదని చుట్టునున్న అడవిని కొట్టించి బయలు చేసిరి. జనులకు గాలి కావలెనని ఎవరును తలపలేదు. అయినను శత్రువుకొఱకు విడిచిన బయలే నేడు ఆ నగరమునకు ఊపిరి. అందు పిల్లలు బంతి యాడుదురు, గొఱ్ఱెలును మేకలును మేయును, సభలు జరుగును. నేల సైన్యపు అధీనమున నుండుటచే, పెద్ద పెద్ద భవనములు దానిని మ్రింగలేదు.

నాలుగవది బెంగుళూరు. అచ్చటి లాల్‌బాగు 1760లో హైదరాలీ నాటించిన తోట. నేడు 240 ఎకరములు. దాని నడిమి బండ సుమారు మూడువందల కోట్ల యేండ్ల నాటిదని భూశాస్త్రజ్ఞుల మాట. 1870లో కబ్బన్ పార్కు వెలసెను. 1975లో ఇట్టి తోటల రక్షణకు కర్ణాటకమున చట్టము వచ్చెను. కాని నేను చెప్పదలచినది అంతకంటె చిన్న తోట సంగతి. ఆ నగరమున ఒక పేటలో తోటకై పటమున గుర్తించిన స్థలమును, ఆసుపత్రి కట్టుకొనుటకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చివేసిరి. ఆ వీధులవారు న్యాయస్థానమున కెక్కిరి. ఆసుపత్రి మంచిదే గదా యని వాదము వచ్చెను. అయినను, తోటకై ఉంచిన నేల తోటగానే ఉండవలెనని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఇక నాలుగింటిని ఒక్కచోట నుంచి చూతము. విస్తీర్ణమున కలకత్తా మిన్న, లాల్‌బాగు అందులో చిన్నది. కాని ఎకరములు లెక్కించుటవలన మనకు తెలియునది కొంచెమే. రాజు వేటకు ఉంచినది యొకటి, చట్టముతో కొన్నది యొకటి, ఫిరంగికి విడిచినది యొకటి, నవాబు ముచ్చటపడి నాటినది యొకటి. పుట్టుక ఏదైనను, నిలిచినవి మాత్రము మూడు కారణములచేతనే నిలిచినవి: పటమున హద్దు స్పష్టముగా నుండుట, వెనుక చట్టముగాని అధికారముగాని యుండుట, పోవుచున్నదన్ననాడు నోరు విప్పువారుండుట. బయలు ఒక్కనాడు మాయము కాదు. నేడు ఒక పాక, రేపు ఒక గోడ, ఎల్లుండి ఒక మంచి పనికై నాలుగు సెంట్లు — ఇట్లు పోవును. చెడ్డపనికి అడిగినవానిని కాదనుట సులభము. మంచిపనికి అడిగినవానిని కాదనుటయే కష్టము. బెంగుళూరువారు నేర్పినది అదియే. న్యూయార్కు నేర్పినది మఱియొకటి: ఖాళీ యని చెప్పబడు నేలపై ఎవరో బ్రతుకుచుందురు, వారిని అడుగక చేసిన మేలు సగము మేలే.

మన పల్లెబయలునకును ఈ మాట వర్తించును. 2011 జనవరిలో సుప్రీంకోర్టు, గ్రామపు ఉమ్మడిభూములను, చెఱువులను ఆక్రమించినవారిని తొలగించి, వానిని గ్రామమునకు మరల ఒప్పగింప వలసినదని రాష్ట్రములను ఆదేశించెను. తీర్పు చేతనున్నది. కాని హద్దురాయి యెక్కడనో చూపగల పెద్ద లేనిచో తీర్పు ఏమి చేయును? చెఱువు శిఖము ఎంతవఱకు, మందబయలు సర్వే నంబరేది, పుంతదారి వెడల్పెంత — ఇవి మీ జ్ఞాపకమునందు కలవు. వానిని గ్రామపటముతో సరిచూచి, పంచాయతీ తీర్మానముగా వ్రాయించి, పిల్లలను వెంటబెట్టుకొని హద్దులు నడచి చూపుడు. నగరములవారు కోట్లు పోసి కొన్నది మీకు ఊరకే సంక్రమించినది. దానిని తరువాతివారికి అప్పగించు పని మాత్రము మీదే.