సర్పి మానింది సరే.. మానిపిచ్చింది ఎవరు?

సర్పి లేస్తే మన ఊర్లల్ల జాజు పూస్తరు, మంత్రం ఏపిస్తరు. చైనాల 'లొంగ్‌దాన్ షియెగాన్' అనే కషాయం తాగిస్తరు. 10 రకాల మూలికల మందది. రెండు తాన్ల జనం చెప్పే మాట ఒక్కటే: "వాడినం, తక్కువైంది."

నేను డాక్టర్ను కాను. కానీ ఈ మాటల ఒక మెలిక ఉన్నది తమ్మీ. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లెకెల్లి పోదు. నరాల మొదట్ల దాక్కుంటది. వయసు మీద పడ్డంక, ఒంట్ల తాకత్ తగ్గినంక మళ్ల లేస్తది. గదే సర్పి. బొబ్బలు మామూలుగ 2 నుంచి 4 వారాలల్ల వాటంతటవే ఎండిపోతయి. మరి మానిపిచ్చింది మందా, గడిచిన రోజులా?

తేల్చాలంటే రోగులను చిట్టీలేసి రెండు జట్లు చెయ్యాలె. ఒక జట్టుకు కషాయం, ఇంకో జట్టుకు అదే రంగు, అదే చేదున్న ఉత్త నీళ్లు. ఎవరికి ఏది పోతుందో రోగికీ, డాక్టరుకూ ఎర్క ఉండొద్దు. చైనాల పరీక్షలు చానానే చేసిండ్రు, గుణం కనవడ్డదని రాసిండ్రు. కానీ ఎక్కువ మటుకు చిన్నవి, గిట్ల దాచిపెట్టి చేసినయి కావు. అందుకే పనిచేస్తదని గట్టిగ చెప్పరాదు, చెయ్యదనీ చెప్పరాదు.

"మూలికలే కదా, నష్టమేంది?" అంటరు. ఆ కషాయంల 'ముతొంగ్' అనే తీగ పడుతది. పోయిన శతాబ్దంల దాని బదులు 'గ్వాన్ ముతొంగ్' కలుపుడు షురువైంది. పేరు దగ్గరిదే, జాతి వేరు. అండ్ల ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తది, క్యాన్సర్ తెస్తది. 1990ల మొదట్ల బెల్జియంల సన్నబడే మందు మింగిన ఆడోళ్ల కిడ్నీలు పోయినయి. అండ్ల కలిసింది ఇదే కుదురు మొక్క. చైనాల లొంగ్‌దాన్ గోలీలు మింగినోళ్లకూ గదే గతి పట్టింది. 2003ల చైనా సర్కారే గ్వాన్ ముతొంగ్ వాడకం ఆపేసింది. మన తాన పాముకాటుకు ఇచ్చే ఈశ్వరి వేరు కూడ ఈ కుదురుదే. యాది పెట్టుకోండ్రి.

గట్లని పాత వైద్యమంత ఉత్తదని కాదు. చైనా పాత పుస్తకాలు తిరగేసి, ఒక మొక్కల నుంచి మలేరియా మందు తీసిన తూ యూయూకు 2015ల నోబెల్ వచ్చింది. ఆమె ఆ మొక్కను నమ్మి ఊకోలే, పరీక్షకు నిలవెట్టింది.

సర్పికి కూడ పరీక్షల నిలిచిన గోలీ ఉన్నది: ఎసైక్లోవిర్. బొబ్బలు లేసిన 72 గంటలల్ల మొదలువెడ్తె ఎక్కువ ఫాయిదా. కంటి దగ్గర లేస్తే ఒక్క పూట సుత ఆగొద్దు, చూపు పోయే ప్రమాదం ఉంటది. మీ ఇంట్ల అవ్వకో, తాతకో లేస్తే ముందుగాల సర్కారు దవాఖానకు తోల్కపోండ్రి. జాజు పూసుకుంట కూసుంటే ఆ మూడు రోజులు మళ్ల రావు.